ఎన్నో రోజు?

జంగయ్య చొక్కాకి ఇంకా
పొగమందు వాసన పోలేదు.
గోల్నాక గల్లీల్లో సాయంత్రాలు
భుజాన మిషన్ తగిలించుకుని
దోమల్ని తరిమే మనిషి
నా కిటికీ ముందు వణుకుతూ చెయ్యి చాపాడు.

"ఎన్నో రోజు జ్వరం?"
"మొన్నటి సంది."
మొన్న అంటే?
"మా దిక్కు నల్లా వచ్చిన రోజు."
వాళ్ళ బస్తీలో నల్లా ఏ రోజు వస్తుందో
నాకేం తెలుసు?
చీటీ మీద రెండు అని రాశాను.
రెండున్నరకి గడి లేదు.

అరచేతిలో ఇమిడే తెల్లటి పలక.
ఒక చుక్క సీరం, రెండు చుక్కల బఫర్,
పదిహేను నిమిషాలు.
ఆలస్యంగా తేలిన గీతను నమ్మవద్దని
డబ్బా మీద చీమల్లాంటి అక్షరాలు.
కంట్రోల్ గీత వచ్చింది,
హాజరు పలికే పిల్లాడిలా అది ఎప్పుడూ వస్తుంది.
దాని పక్కన ఖాళీ.
ఆ ఖాళీని ట్యూబులైటు కింద ఒకసారి,
కిటికీ దగ్గర ఒకసారి చూశాను.
ముసురు పట్టిన నల్లకుంట ఆకాశం
ఏమంత సాయం చేయలేదు.

నెగెటివ్ అని టైపు చేసింది నేనే.
నిర్దోషి అని తీర్పు విన్నవాడిలా
కాగితాన్ని రెండు చేతులా అందుకున్నాడు.
వెనక్కి పిలిచి అంచున పెన్నుతో రాశాను:
ఐదో రోజు దాటాక మళ్ళీ రావాలి.
చదవడం రాదని ఆయన అనలేదు.
మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఈ పలక దొంగను వెతకదు జంగయ్యా.
దొంగ పడ్డాక నీ ఒళ్ళు పిలిచే
పోలీసుల్ని లెక్కపెడుతుంది.
వాళ్ళు బూట్లు తొడుక్కుని బయల్దేరడానికి
నాలుగైదు రోజులు.
దొంగనే పట్టే కిట్టు ఇంకొకటి ఉంది.
ఆ వారం స్టాకు లేదు.
ఇండెంట్ కాగితం
నా బల్ల అద్దం కింద పచ్చబడుతోంది.

నెత్తురుకి మరుపు తక్కువ,
తేదీలే గుర్తుండవు.
జూన్‌లో కొత్త డబ్బాలు దిగినప్పుడు
పరీక్షకని నా వేలే పొడుచుకున్నాను.
జ్వరం లేదు, నొప్పుల్లేవు,
అయినా జి దగ్గర లీలగా ఒక గీత.
పదమూడేళ్ళ కిందటి విద్యానగర్ హాస్టల్,
పై మంచం,
బొప్పాయాకు పసరు గ్లాసులో పోసి
ముక్కు మూసి తాగించిన రూమ్మేట్.
ఆ అమ్మాయి పేరు నాకు గుర్తు రావడం లేదు.
నా నెత్తురు మాత్రం దోమను మరవలేదు.

మెదడువాపు టీకా వేయించుకున్న పిల్లలొస్తే
పలక ఒక్కోసారి
అక్కను చూసి చెల్లి పేరుతో పిలుస్తుంది.
ఒకే ఇంటి పోలికలు మరి.
రెండు నెలల కిందట తగ్గిన జ్వరం గీత
ఇవాళ్టి టైఫాయిడ్ మీద నిందలా పడుతుంది.
ఇవన్నీ నాకు తెలుసు.
కాగితానికి రెండే మాటలు తెలుసు.

ఏడో రోజు జంగయ్యను
తోటి పనివాడు ఎల్లేశం పట్టుకొచ్చాడు.
ఈసారి ఎం గీతకు
లైటు కూడా అక్కర్లేకపోయింది.
"మొన్న లేదన్నరు గద మేడమ్?"
కోపం లేదు ఆ గొంతులో,
బస్సు వెళ్ళిపోయిందా అని అడిగినట్టుంది.
లేదన్న కాగితం ఉంది కదా అని
రెండు సాయంత్రాలు డ్యూటీకి వెళ్ళాడట.
జేబులోంచి తీసి చూపించాడు.
చెమటకి నా సిరా అలుక్కుపోయి
ఐదో అన్న మాటే మిగిలింది.

ప్లేట్‌లెట్లు ముప్పై ఎనిమిది వేలు.
వరండాలో మంచం దొరికింది.
రోజూ డ్యూటీ దిగాక అటుగా వెళ్ళాను,
ఏం మాట్లాడాలో తెలియక
సెలైన్ సీసా వైపు చూసి వచ్చేశాను.
పదో రోజు మంచం మీద వేరే మనిషి.
గుండె జారింది.
ఇంటికి పంపించామని నర్సు చెప్పేదాకా
గోడ పట్టుకుని నిలబడ్డాను.

కోఠిలో నూట ఇరవై ఇచ్చి
ఒక రబ్బరు ముద్ర చేయించాను:
ఇది జ్వరం ... రోజు నాటి మాట.
ఫార్మాట్‌లో లేదన్నాడు పెద్దసారు.
ఊదా సిరాతో కొడుతూనే ఉన్నాను.

ఇప్పుడు కిటికీలో చంటిపిల్లతో ఒక తల్లి.
"ఎన్నో రోజు?"
ఆమె పిల్లదాని వేళ్ళు ఒక్కొక్కటే మడుస్తోంది,
మూడో వేలి దగ్గర ఆగి
మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.
వెనక క్యూ గునుస్తోంది.
నేను సూది కింద పెట్టి
కూర్చున్నాను.