పందొమ్మిదో డబ్బా

విష్ణుపురం యార్డుల నేను కొలువుల చేరిన రోజు
సైదులు ఉస్తాద్ నా చేతికి సుత్తె ఇయ్యలే.
"ముందుగాల ఇను" అన్నడు.
అప్పటికి ఆ యార్డుల నేనొక్కదాన్నే ఆడమనిషిని.
అందుకే ఇయ్యలేదనుకున్న.

సిమెంటు నింపుకున్న గూడ్సు,
నలభై రెండు డబ్బాలు.
ఇంజను ముక్కింది.
మొదటి డబ్బా కదిలింది. రెండోది ఇంకా నిద్రల్నే ఉన్నది.
ఠంగ్.
రెండోది లేచింది. ఠంగ్. మూడోది.
ఆ సప్పుడు కింది నుంచి ఉరుక్కుంట ఉరుక్కుంట పోయి
ఆఖరుకు గార్డు చాయ్ గ్లాసుల తొణికి ఆగింది.

"అన్నీ ఒక్కపాలే కదలాలంటే
ఏ ఇంజనుతోని గాదు బిడ్డా.
డబ్బాకు డబ్బాకు నడుమ ఇంత సందు,
ఆ సందెనుక ఒక స్ప్రింగు.
ఒక్కొక్కదాన్నే లేపుకుంట పోవాలె,
పండుకున్న బర్లను లేపినట్టు."

సిక్ లైన్ల ఒకటి ఇప్పి సూపిచ్చిండు.
ఉత్త చుట్టల స్ప్రింగే ఉంటదనుకున్న.
దాని చుట్టూ ఉక్కు పలకలు,
ఒకదాన్నొకటి ఒరుసుకొని నున్నగైనయి.
"స్ప్రింగొక్కటే ఉంటే
తిన్న దెబ్బను తిన్నంత తిరిగి కొడతది.
ఎనక డబ్బా బతకొద్దా?
ఈ పలకలు రాసుకుంటయి, కాగుతయి,
దెబ్బల సగం ఈడనే వేడై పోతది.
ముట్టి సూడు."
ముట్టిన. మే నెల, మిట్టమధ్యాన్నం.
ఏది ఎండ వేడో, ఏది దెబ్బ వేడో
నాకేం తెల్వలే. తెలిసినట్టు తలూపిన.

ముప్పై ఒక్క యేండ్లు ఆ ఠంగులు మోసిన చెవులు.
ఎడమది ముందుగాల పోయింది.
కుడిది, రిటైర్మెంటుకు ఏడు నెలలుందనంగ.
ఎవ్వలకు చెప్పలే.
ఒక రాత్రి బండి లోపలికొస్తుంటే
పందొమ్మిదో డబ్బా కాడ
ఠంగ్ అనాల్సింది ఠక్కన్నది.
లోపట స్ప్రింగు విరిగిన ఎండు సప్పుడు,
ఇనుము ఇనుమును చెంప మీద కొట్టినట్టు.
ఉస్తాద్ దాటిపోయిండు,
టార్చి ఊపుకుంట, ఎప్పటి లెక్కనే.

ఉరికి భుజం మీద రెండుసార్లు తట్టిన.
ఆగిండు. ఎనక్కి నడిచిండు.
సుద్దముక్కతోని డబ్బా మీద సిక్ అని రాసిండు.
నా మొఖం దిక్కు మాత్రం సూడలే.

ఆనాటి నుంచి
ఒకసారి తడితే మంచిగున్నట్టు,
రెండుసార్లు తడితే సిక్కు.
ఏడు నెలలు.
"సైదులుది చెవి కాదు, మిషను" అని
ఇన్‌స్పెక్టరు సారు పదిమందిల మెచ్చుకున్నడు.
ఉస్తాద్‌కు అది గూడ ఇనపడలే.

ఇప్పుడు దామరచర్ల దిక్కు గేటు పక్కన ఇల్లు.
మంచం మీదికెళ్లి జారేసిన చెయ్యి,
నేలకు ఆనిన అరచెయ్యి.
బ్రేకు పడితే డబ్బాలన్నీ
ఒకదాని మీదికొకటి ఒరుగుతయి గదా,
ఆ వరసంతా ఆయన వేళ్ల కిందికెళ్లి పోతది.

మొన్న సందేళ మనుమరాలు సైకిలేసుకొని వచ్చింది.
చీటీ మీద ఒకటే మాట: పందొమ్మిది.

పోయి సూసిన.
వంగి, టార్చేసి, సుత్తెతోని కొట్టి సూసిన.
పద్దెనిమిదిని, ఇరవైని గూడ కొట్టి సూసిన.
మూడూ మంచిగనే పలికినయి.

పిల్ల ఒక కాలు పెడలు మీదేసి నిలబడ్డది.
"తాతకు ఏం చెప్పాలె?"
చీటీ తిప్పి రాసిన:
నిజమే ఉస్తాద్. కోసి పక్కకు పెట్టినం.

సిగ్నలు పడ్డది.
ఇంకా నయం, ఈ బండి కృష్ణ దాటి అవతలికి పోయేది,
మళ్ల గేటు దిక్కు రాదు.
ఇంజను ముక్కింది.
పదహారు, పదిహేడు, పద్దెనిమిది
లెక్కపెట్టుకుంట నిలబడ్డ.
ఠంగ్ అన్నది.