రెండో గొంతు

జానీమియా కాంట పక్కన
బత్తాయి డబ్బాల వచ్చినయి పుస్తకాలు.
గడియారం సెంటర్ దాటి దేవరకొండ రోడ్డు మలిగే కాడ
పాత కూలర్లు, తెగిన చైన్లు,
రీడ్లు ఊడిన హార్మోనియం పెట్టె నిండ మొలలు.

"పాటల బుక్కులు సారూ, మీకోసమే తీసి పెట్టిన."
అందరితోని అట్లనే అంటడు.

భజన కీర్తనలు రెండు, అట్టలు లేవు.
చిరుతల రామాయణం చేతిరాత,
రావణుని పాటల కాడికి ఎలుక కొరికింది.
వాటి కింద
గోనెగుడ్డ అట్టేసిన అడ్డం పుస్తకం.
నీలి సిరాతో: రెండో గొంతు.
లోపల ముద్ర: సంఘం ఆస్తి. ఇంటికి తీసుకపోరాదు.

కిలో పన్నెండు రూపాయలు ఆ రోజు కాయితం.
కాంట మీద ఉన్నంతసేపు అది కాయితమే.
నా చెయ్యి పడంగనే పురాతనమైంది.
జానీమియా దాన్ని మెల్లగ దించి
లుంగీ కొసతోని తుడిచి
"నాలుగొందలు" అన్నడు.
ముప్పై ఏండ్లు ఇంటింటి కరెంటు మీటర్లు చదివినోన్ని,
అంకెలు పెరుగుడు నాకు కొత్త కాదు.
ఇచ్చిన.

స్వరాలు చదవరావు నాకు.
బడిల ప్రార్థనకు నిలబెట్టి
"నువ్వు పెదాలు మాత్రం కదుపు" అన్నడు పంతులు.
అప్పటిసంది కదుపుతనే ఉన్న.
పాటల పుస్తకాలు కొనుడు అట్ల మొదలైంది కావచ్చు,
లేదా ఉత్తగనే.

అక్షరాలు, చుక్కలు, నిలువు గీతలు.
వాటి మధ్య పెన్సిల్ రాతలు, సన్నగ, కుడికి వాలి:
ఇక్కడ ఊపిరి.
ఇక్కడ రూతమ్మ దిక్కు చూడొద్దు, నవ్వొస్తది.
మగోళ్లు ఆలస్యం జేస్తరు, ఆగు.
మోకాళ్లు నొస్తున్నయి, ఈ చరణం కూసొనే.
ఒక కాడ తారీఖు, డెబ్బై ఒకటి, ఆగస్టు:
వాన. నలుగురమే వచ్చినం. అయినా పాడినం.
పేరు ఎక్కడా లేదు.
మా నీళ్లు తాగిన మోకాళ్లని మాత్రం తెలిసింది.

మా కింది వాటాల నర్సు కెజియా
ఆదివారం పాడొస్తది.
మెట్ల మీద కూసొని మొదటి పేజీ తీసింది.
ఒకే స్వరం మీద చానసేపు నిలబడింది,
ఒక మెట్టు దిగింది,
మళ్ల అదే మెట్టెక్కి
మునుపటి కాడనే నిలబడింది.
వరుసల నిలబడ్డోళ్ల లెక్క.
"గిదేం పాటమ్మా?"
"పాట కాదు అంకుల్,
పాట పక్కన నిలబడేది."

ఇగ మిగిలిన మూడింటి వెంట పడ్డ.
మూడో గొంతు మిర్యాలగూడల దొరికింది,
రైసుమిల్లు గుమాస్తా ఆనందరావు దగ్గర.
అమ్మనన్నడు. తాకనిచ్చిండు, రెండు చేతులు కడుక్కున్నంక.
నాలుగోది నకిరేకల్ల చెదలు తిన్నయి,
ప్రతి పేజీ అడుగున
ఆమెన్లు మిగిలినయి.
దానికీ యాభై పెట్టిన.

మొదటి గొంతు ఎక్కడా లేదు.
అడిగిన ప్రతి ముసలామె నవ్వింది.
"దానికి పుస్తకమెందుకు బిడ్డా,
అది అందరికీ వచ్చు."
పశువుల కాడ, నాట్ల కాడ, తొట్లె ఊపుకుంట పాడి పాడి
అచ్చు పుస్తకాన్ని
పొయ్యికిందికి వాడుకున్నరేమో.
వచ్చిన పాటను ఎవరు దాచుకుంటరు?
పాడరానోడే అట్టలేసుకుంటడు.

రాత్రి కరెంటు పోయినప్పుడు
టార్చి పెట్టి తిరగేస్త.
పెదాలు కదుల్తయి, పాతలవాటు.
ఇక్కడ ఊపిరి అన్న కాడికి వచ్చేసరికి
ఆమె రాసినట్టే తీసుకుంట.
రూతమ్మ ఎవరో తెల్వదు గని
ఆ పక్కకు చూడను.

మొన్న జానీమియా ఫోను.
"సారూ, ఇంకో డబ్బా దిగింది.
కాంట మీద ఇంకా పెట్టలే."