వెంట్రుకలో సగం

వెంట్రుకవాసి అంటారు గానీ
ప్రిడో షెడ్డులో వెంట్రుక మరీ లావు.
తన తలలోంచే ఒకటి పీకి
మైక్రోమీటరు దవడల మధ్య పెట్టి చూపించాడు:
అంగుళాన్ని వెయ్యి ముక్కలు చేస్తే అందులో మూడు.
"మన తగువంతా ఇందులో సగానికి."

నైరీ మాస్టర్టన్‌లో స్కూలు బస్సు నడుపుతుంది.
ఆరువేల గుండ్లు మింగి గొంతు కాలిన పాత బ్యారెల్‌ని
దుప్పట్లో చుట్టి తెచ్చింది,
పశువుల డాక్టరు దగ్గరికి ముసలి కుక్కని తెచ్చినట్టు.

బల్ల మీద కొత్తవి రెండు.
బిగువుది: గాడి అడుగు నుంచి అడుగుకి మూడు వందల ఆరున్నర.
వదులుది: మూడు వందల ఎనిమిది.
చూపుకి రెండూ ఒకటే చీకటి,
చివర ఒకటే బొట్టంత వెలుగు.

"నాకు బిగువుదే."
"ఎందుకు?"
"దానితోనే గెలిచాను."
"ఓడిందీ దానితోనే."

అప్పట్లో క్లబ్బు పంచిన గుండ్లు
డబ్బాకో ఒళ్లు.
బక్కవి వదులు గొట్టంలో తూలుతూ పోయేవి,
తొమ్మిది వందల గజాల అవతల
ఎవరి అట్ట మీదో వాలేవి.
అందుకే బిగించాం, అన్నాడు.
ఇప్పుడు నీ వంటింటి బల్ల మీద నువ్వే నింపుకుంటావు,
ప్రతిదాన్నీ కొలిచి, బాగోలేనిదాన్ని తిట్టి.
ఇంకా ఎవరికి భయపడి బిగింపు?

ఆమె మాట్లాడలేదు.
అతనూ వాదించలేదు. నూనె రాసిన సీసపు ముద్ద ఒకటి,
ఇత్తడి కడ్డీ ఒకటి చేతికిచ్చాడు.
తొయ్యి.

బిగువుదానిలో ముద్ద మొండికేసి కదిలింది,
కదిలింది, కదిలింది,
సగం దూరంలో ఉన్నట్టుండి
రెండంగుళాలు జారిపోయి
మళ్లీ పట్టుకుంది.
గేరు పళ్లు అరిగిన చోటు తెలిసిన చెయ్యి అది.
"ఇక్కడెవరో తలుపు వేయడం మరిచారు," అంది.

ప్రిడో ముక్కు గోక్కున్నాడు.
ఆ వారం రీమరు మార్చాల్సింది.
రేపు మారుద్దాంలే అనుకున్నాడు.
"మార్చి దాకా ఆగితే ఇంకోటి బిగువుగా గీసిస్తా."

జనవరిలో ట్రెంథమ్ పోటీ.
ఆమె రెండోదాన్ని తోసింది. కళ్లు మూసుకుని,
మొదటి నుంచి మూతి దాకా ఒకే బరువు,
మూతి దగ్గర మాత్రం కాస్త,
సెలవు తీసుకునే ముందు
చేతిని ఒకసారి నొక్కినట్టు.

"ఇదే."
"వదులుదా?"
"తోస్తున్నంతసేపూ నా చెయ్యి ఏమీ అడగలేదు."

అతను కొలతలు అట్టముక్క మీద రాసుకున్నాడు.
పెన్సిలు గీత ఏడు వెంట్రుకల మందం.

షెడ్డు వెనక చిక్కుడు పాదులకి
పదకొండు బ్యారెళ్లు ఊతకర్రలు,
అన్నీ అతని తప్పులే.
వాయవ్యపు గాలి వాటి మూతుల మీంచి పోతూ
ఒక్కోదాన్ని ఒక్కో రకంగా ఊదుతోంది.
సుద్దతో అడ్డగీత పెట్టిన బిగువుదాన్ని
ఆ వరస చివర పాతాడు.

దుప్పటి మడిచి సీటు కింద దూర్చి
నైరీ అడిగింది:
"నాదానికీ చోటుందా?"
అతను అప్పటికే
గునపం వెతుకుతున్నాడు.