మెరుపు దించుడు

ముప్పై రెండేండ్లు మెరుపెక్కించినోన్ని.
బొంబాయిల బండలు, బెంగుళూరుల మెట్లు,
ఎవరిదో పెండ్లికి ఎవరిదో హాలు.
అరవై నంబరు రాయితోని మొదలువెట్టి
నూటిరవై, రెండొందల ఇరవై, నాలుగొందలు,
ఆఖరుకు ఆక్సాలిక్ పొడి, తడి గోనెపట్టా,
సేటు వంగి తన పండ్లు తాను జూసుకునేదాక.

ఇప్పుడు పాలమూరుల,
జడ్చర్ల తొవ్వకున్న మాలు, మూడో అంతస్తు,
నాలుగే నాలుగు లేన్లు.
పడ్డ పిన్నులను మిషినే లేపుతది,
అది అలిగిననాడు నేను లేపుత.

శుక్రవారం డ్యూటీ దిగి నౌషీన్ వస్తది,
దవాఖాన వాసన ఇంక పోకముందే.
సొంత బాలు ఆమెది. పద్నాలుగు పౌన్లు, నీలి రంగు,
మూడు కండ్ల తాటికాయ.
"చాచా, జారిపోతున్నది.
తిరగాల్సిన కాడ తిరగతలేదు,
సక్కగ పోయి మోరిల పడుతున్నది."

ఎత్తి చూసిన.
దాంట్ల ట్యూబులైటు, ట్యూబులైటు పక్కన నేను.
మెరుపే దాని రోగం.

లేను మీద నూనె ఉంటది, కంటికి కానరాదు,
పొద్దుగాల నేనే పూస్త కాబట్టి నాకెరుక.
మూడొంతులల్ల రెండొంతులు నూనె, ఆఖరిది పొడి.
నున్నటిది నూనె మీద నవ్వుకుంట పోతది,
కింద నేలున్నదన్న సోయే ఉండదు.
జెర గరుకుంటెనే
బురదల ఎద్దు గిట్ట ఊనినట్టు ఊనుతది.

నల్లా వచ్చినంక మా చెన్నమ్మకు పనిలేని సుట్టకుదురు,
దాని మీద బాలు,
బకెట్ల నీళ్లు, వెయ్యి నంబరు కాగితం.
అంకె చిన్నగైతే పండ్లు పెద్దగుంటయి,
అంకె పెరిగినకొద్ది పండ్లు అరుగుతయి,
గిది నాకొకరు చెప్పాల్నా.
పై దిక్కు. బోర్ల. మళ్ల పక్కలు.
ఒక్క దిక్కు ఎక్కువ ఒత్తితే అది యాదిల పెట్టుకుంటది,
సగం దూరం పోయినంక చెప్తది.

గని చెయ్యి నా మాట ఇనలె.
కాగితం మార్చమంటది,
రెండు వేలది తియ్యి, నాలుగు వేలది తియ్యి,
ఇంక మెరవలె కుర్మయ్యా, అంటది.
సగంల ఆపుడు నాకెవ్వడు నేర్పలె.
సగంల ఆపితే కూలి కోసిండ్రు గని.

ఆపిన.
నోటితోని ఊదిన అద్దం లెక్క ఉండె బాలు.

ఇసిరింది. నడిమిట్లనే తిరిగింది, తొందరవడి,
ఎడమ దిక్కు మూడింటిని తన్ని పోయింది.
"ఇప్పుడు మరీ పట్టుకుంటున్నది చాచా!"
ఆమె నవ్వింది. నేను నవ్వలె.
రెండు వేల కాగితం. ఏలు ఆనీ ఆననట్టు
ఇరవై సుట్లు, లెక్కవెట్టి.

ఇసిరింది. నేను అటు జూడలె.
బకెటు పారబోస్తుంటే సప్పుడినొచ్చింది,
బియ్యం బస్తా తెగినట్టు.
ఎన్ని పడ్డయో అడగలె, ఆమె చెప్పలె,
కోటు ఏసుకొని బస్సుకు ఉరికింది.

బియ్యం అంటే యాదికొచ్చింది.
రేషన్ దుకాణం మిషిన్ నా బొటనేలును
నాలుగేండ్ల సంది గుర్తుపట్టది.
"గట్టిగ ఒత్తు కుర్మయ్యా" అంటడు డీలరు సాయిరెడ్డి.
ఎంత ఒత్తినా ఏముంటది,
గీతలన్ని ఎవరెవరి ఇండ్లల్లనో అరిగె.
కంటి మిషిన్ తెస్తడు.
కన్ను పెద్దగ తెరిచి నిలవడితే
ఆరు కిలోలు జోకుతడు.

ఆ రాత్రి లైట్లు బందువెట్టినంక
మిగిలిన కాగితం ముక్క
బొటనేలికి రెండు సుట్లు తిప్పిన.
మంట వుట్టింది. గంతే.

తెల్లారి దుకాణం కాడ
నా గోటి సందుల నీలం జూసి
"ఓట్లెప్పుడైనయి కుర్మయ్యా?" అన్నడు సాయిరెడ్డి,
లైనంత నవ్వింది.
ఏలు వెట్టిన.
ఎర్రలైటు.
కన్ను తెరిచిన.