ఉత్తరాల డబ్బా దాకా

కర్రకంచె కడితే కొండ కనపడదంది లూసిండా.
తీగలేనిది వెర్మాంట్ మంచుకి మొరాయిస్తుందన్నాడు కొట్లో కుర్రాడు.
చివరికి తీగే కొన్నాడు ఆరిన్,
అయిదు వందల అడుగులు.

ముందు పట్టీ తన మణికట్టుకే కట్టుకుని
గీత దాటి చూశాడు.
మూడో నంబరుకి నోట్లోంచి బూతొచ్చింది.
రెండుకి తిప్పాడు.

ఉత్తరాల డబ్బాకి పదడుగుల ఇవతలే ఆపాడు తీగని.
పాత కుక్కని పాలలారీ కొట్టింది అక్కడే.

తెల్లజెండాలు పీకేసి రెండేళ్ళయింది.
ఇప్పటికీ పొద్దున్నే పట్టీ విప్పేసి
"రావే టాన్సీ" అంటే
రాదు.

ముప్ఫై కిలోల దాన్ని చంకనెత్తుకుని
ఒట్టి గడ్డి మీద
కాలు ఎత్తెత్తి వేస్తాడు,
గడప దాటుతున్నట్టు.

డబ్బాలో ఇవాళ
కరెంటు బిల్లు ఒక్కటే.