ఒడ్డు ఎక్కడ

మొయినాక్‌లో గాలికి ఉప్పు రుచి ఉంది, నీళ్ళు లేవు.
సర్సెన్‌బాయ్ తాత కాళ్ళు నా ఒళ్ళో ఉన్నాయి.
మంగళవారం, నా వంతు.

గోరువెచ్చని నీళ్ళే. మోచేత్తో చూశాను.
ఆయన మాట నమ్మను:
పోయిన చలికాలం పొయ్యి దగ్గర తన కాలు కాలుతుంటే
పక్కింట్లో మాంసం మాడుతోందన్నాడు.

తువ్వాలుతో అద్ది,
వేళ్ళ సందులు రెండోసారి తుడిచి,
నెర్రెలిచ్చిన మడమకు యూరియా క్రీము
పిండి మెదిపినంత ఓపిగ్గా రాస్తాను.
సందుల్లో మాత్రం వద్దు, తడి నిలిస్తే పాచిపోతుంది.
"గొర్రె కొవ్వు చాలదూ?" ప్రతివారం ఇదే.
చాలదు తాతా.
చెమట పట్టడం మర్చిపోయిన చర్మం ఇది.

బియ్యపుగింజంత చీలిక ఒకటి.
టార్చి వేసి చూశాను, అడుగు ఎర్రగా లేదు.
దాన్ని వదిలి చుట్టూ రాశాను.
బూటు బోర్లిస్తే చొక్కా గుండీ రాలింది.
"దీన్ని తొక్కుతున్నానా?" అని నన్నే అడిగాడు.

"ఇంకా మొదలుపెట్టలేదా అమ్మాయ్?"
ఒక కాలు అయిపోయింది అప్పటికే.

చేపల ఫ్యాక్టరీ మూసిన ఏడాది
సముద్రం ఎంత వెనక్కి పోయిందో
రోజూ అడుగులు లెక్కపెట్టి వచ్చి
గోడ మీద బొగ్గుతో రాసేవాడట.

వేలు మెల్లగా పైకి జరుపుతున్నాను.
పాదం. చీలమండ. ఇంకా పైన.
కళ్ళు మూసుకుని ఉన్నాడు.
"ఇక్కడ," అన్నాడు.

పోయినేటికంటే రెండు వేళ్ళు పైన.
పుస్తకంలో రాసుకున్నాను.
మేజోడు తొడిగాను, కుట్టు బయటికి ఉండేలా.