పగటి యూనిట్లు

మూడు లాంతర్ల దగ్గర, మేడ మీద మా ఆఫీసు.
వచ్చే ఐదేళ్లలో ఈ విజయనగరంలో ఎన్నిళ్లు
కరెంటుని కనిపెట్టుకుని ఉండే పెట్టెను కొంటాయో
ముందే చెప్పడం నా ఉద్యోగం.
సోదె లాంటిదే,
గవ్వలకు బదులు మీటరు రీడింగులు.

ఆ పెట్టె గోడకుంటుంది.
గీజరుని ఎప్పుడు లేపాలో, ఏసీని ఎప్పుడు పడుకోబెట్టాలో
దానికి తెలుసు.
ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ఫోనుకి చాడీ చెబుతుంది.

దాసన్నపేటలో ఇస్త్రీ పైడిరాజు నవ్వాడు.
"తెల్లారగట్ల నాలుగింటికి ఓల్టేజి నిండుగుంతాదమ్మా,
అప్పుడే సీరలన్నీ లాగించెత్తాను.
పెట్టొచ్చి నాకేటి సెప్తాది?"
'అవగాహన' గడిలో ఐదుకి ఐదు వేశాను.
'కొనే ఉద్దేశం' గడిలో సున్నా.

పక్కింటి లోలాక్షి ఫ్రిజ్ తలుపుకి
చీర అంచు చింపి ముడేసింది,
పిల్లలు ఊరికే తీస్తున్నారని.
దానికి ఫారంలో గడి లేదు.

కంటోన్మెంటు డాక్టరు గారు మాత్రం
నేను అడక్కముందే రెండు కావాలన్నారు:
ఉంటున్న ఇంటికొకటి,
తాళం వేసిన ఇంటికొకటి.

ఏప్రిల్లో గ్రాఫు లేచింది.
మిల్లు వెనక లైన్లలో, పొద్దున్న పది నుంచి సాయంత్రం దాకా
ఎప్పుడూ కునుకు తీసే గీత
నిటారుగా కూర్చుంది.
ఎండలనుకున్నాను. ఎండని లెక్కలోంచి తీసేశాను.
గీత దిగలేదు.
"గిరాకీ!" అన్నాడు మేనేజరు,
దాని పక్కన ఎర్రబాణం గీశాడు.

చూసొద్దామని ఆటో ఎక్కాను.
జూట్ మిల్లు గేటుకి తాళం,
తాళం పక్కన గాలికి కొట్టుకుంటున్న నోటీసు.
కూత వెయ్యని మధ్యాహ్నం.
ప్రతి ఇంట్లోనూ ఓ మగమనిషి
చుట్టమై వచ్చినవాడిలా, ఎక్కడ కూర్చోవాలో తెలీక
ఫ్యాను కింద.

దాలయ్యది ముప్పయ్యేళ్ల బి షిఫ్టు.
"మూడైతే ఈ కిటికీలోంచి ఎండ
మంచం మీదికొస్తాదని నాకిన్నాళ్లూ తెల్దమ్మా" అన్నాడు,
ఆ ఎండ మీద చెయ్యి పెట్టి.
నార పీచు ఇంకా గోళ్ల సందుల్లోనే ఉంది.

వాళ్లావిడ నన్ను వాకిట్లోకి పిలిచింది.
"ఆ పెట్టి... ఫ్యానాపీమని సెప్తాదేటి ఈయనకి?"
"చెప్తుందండి, అదే దాని పని."
"అయితే మాకొద్దులే తల్లీ.
తిరగనీ."

ఆఫీసుకొచ్చి చివరి గడిలో రాశాను:
మగవాళ్లు ఇళ్లల్లో ఉన్నారు.
అంకెలు మాత్రమే వెయ్యండి, అంది ఎర్రక్షరాల్లో.
ఎన్నిళ్లో లెక్కపెట్టి
నాలుగు వందల పన్నెండు అని కొట్టాను.
తీసుకుంది.

మర్నాడు తెర మీద చూశాను,
ఆ నాలుగు వందల పన్నెండు మందీ
కొనబోయేవాళ్ల వరుసలో
కూర్చుని ఉన్నారు.